మన పప్పు మనకే పిరమా?

(బతుకమ్మ పండుగకు ముందు మా ఊరి చదువుల కేంద్రంలో, మహిళా సంఘం సభ్యుల ముందు చేసిన ప్రసంగం)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్లారా!

పొద్దంతా చేలల్లో పని చేసి వచ్చారు. ఇంటికి పోయి పొయ్యి ముట్టించాలి. కాబట్టి నేరుగా అసలు మాటకు వస్తాను.

పోయిన శనివారం మన కేంద్రంలో ఏం జరిగిందో గుర్తుంది కదా. ఒక అక్క హైదరాబాదులో ఉన్న బిడ్డ ఇంటికి పోయి వచ్చింది. వస్తూ ఒక పప్పు ప్యాకెట్ తెచ్చింది. దాని మీద ఉన్నది చదవమని నేను అందరికీ తిప్పాను. 'సేంద్రియ కందిపప్పు' అని ఒకరు చదివారు. 'అర కిలో' అని ఇంకొకరు చదివారు. 'ధర 120 రూపాయలు' అని మన పెద్దమ్మ చదివింది. చదివి, ప్యాకెట్ కింద పెట్టి, నన్ను ఒక మాట అడిగింది.

"అర కిలో 120 అంటే కిలో 240. మా చేనుల మేం మందు కొట్టం. మా కందులు గిసొంటివే. నిరుడు కిలో 70కి అమ్ముకున్న. ఈ 240ల నా 70 ఏడుంది టీచరమ్మా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. వారం రోజులు ఆ మాటే ఆలోచించాను. ఇవాళ నా జవాబు చెబుతాను. తప్పుంటే మీరే దిద్దండి.

ముందు పలకలు తీయండి. 100 కిలోల కందులు పట్టిస్తే పప్పు ఎంత వస్తుంది? ఇసుర్రాయి తిప్పిన వాళ్లకు తెలుసు. సుమారు 70 కిలోలు. మిగిలింది పొట్టు, నూక, తరుగు. అంటే కిలో పప్పుకు ఇంచుమించు కిలోన్నర కందులు కావాలి. కొంచెం తక్కువే అనుకోండి. పెద్దమ్మ కందులకు 70 చొప్పున, ఆ ప్యాకెట్‌లోని కిలో పప్పులో ఆమెకు చెందేది 100 రూపాయలు. మిగతా 140 దారిలో ఉంది.

దారిలో ఎవరెవరున్నారు? అడ్తిదారు, లారీ, పప్పు గిర్ని, టోకు వ్యాపారి ఉన్నారు. పంటను పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చే వాళ్లున్నారు. రంగుల ప్యాకెట్, పట్నంలో దుకాణం కిరాయి ఉన్నాయి. అమ్ముడుపోక పురుగు పట్టి పారబోసేది ఉంటుంది. దాని ఖర్చు కూడా అమ్ముడుపోయిన ప్యాకెట్ మీదనే పడుతుంది. వీళ్లంతా దొంగలని నేను అనను. పట్నం వాళ్లకు మన చేను కనబడదు. కనబడని దాన్ని నమ్మించడానికి ఇంత ఖర్చవుతుంది.

మనకు చేను కనబడుతుంది. ఎవరి చేనులో ఏ నాడు పంపు మోగిందో ఊరంతా ఎరుకే. అయినా మనం ఏం చేస్తున్నాం? పుష్యమాసంలో కందులు అమ్ముకుంటాం. చైత్రానికి కిరాణం దుకాణంలో ఉద్దెరకు పప్పు తెచ్చుకుంటాం. ఎక్కడిదో తెలియదు. ఎవరు పండించారో, ఏం కొట్టారో తెలియదు. రేషన్ షాపులో బియ్యం వస్తున్నాయి. పప్పు మాత్రం కొనాల్సిందే. పిరమైన నెలలో చారులో పప్పు తగ్గుతుంది. తగ్గినప్పుడు ఎవరి కంచంలో తగ్గుతుందో నేను చెప్పక్కర్లేదు. ఆఖరున తినేది ఎవరో మీకు తెలుసు.

మందులు వేయని తిండి తింటే రోగాలన్నీ పోతాయని నేను చెప్పను. అలా చెప్పి అమ్మే వాళ్లున్నారు, నమ్మకండి. కానీ మందు కొట్టే రోజు కళ్లు మండి, వాంతులు చేసుకున్న వాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. చిన్న పిల్లలకు పెట్టే పప్పులో ఆ మందు ఎంత తక్కువ ఉంటే అంత మంచిదని ఏ తల్లికైనా తెలుస్తుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. కొందరికి తెలుసు, నవ్వుతున్నారు.

పోయినేడు నేను పట్నం పోయి 30 ప్యాకెట్లు ఇలాంటి పప్పు, కొర్రలు కొని తెచ్చాను. మనకూ మంచి తిండి అందాలని నా ఆశ. ధర చూసి ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకున్న నలుగురు ఉద్దెరకు అడిగారు. కాదనలేక ఇచ్చాను. రాసుకోలేదు! మీకు రాయడం నేర్పేదాన్ని నేనే, నేనే రాయలేదు. మిగిలిన కొర్ర బియ్యానికి వానకాలంలో పురుగు పట్టింది. నా జీతం డబ్బుల్లో సగం పోయింది. మా అమ్మ రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఎందుకు పోయింది? నేను పట్నం నుంచి ఊరికి తెచ్చాను. ఊళ్లో ఉన్నది వెతకలేదు. ఎవరికి ఎంత కావాలో ముందు అడగలేదు. అడగకుండా కొన్నదాన్ని వ్యాపారం అనరు. సహకారం అని అసలే అనరు.

ఆ తర్వాత ఇలాంటి పని ఇంకెవరైనా చేశారా అని పుస్తకాలు చదివాను. రెండు కథలు దొరికాయి. ఒకటి చాలా దూరానిది, ఒకటి మన పక్కది.

దూరానిది ఇంగ్లండు దేశంలోది. అక్కడ రాచ్‌డేల్ అనే పట్నం ఉంది. నేత మిల్లుల ఊరు. అప్పట్లో కూలీలకు దుకాణాల్లో కల్తీ సరుకు అంటగట్టేవారు. పిండిలో సుద్దపొడి లాంటివి కలిపేవారు. అప్పులో ఉన్నవాళ్లు అడగలేరు కదా. 28 మంది కూడారు. అందులో నేత పని వాళ్లు కూడా ఉన్నారు. తలా ఒక పౌను పోగు చేశారు. అది వాళ్లకు చిన్న సొమ్ము కాదు. కొంచెం కొంచెంగా కూడబెట్టారు. 1844 డిసెంబరు 21న టోడ్ లేన్ అనే వీధిలో ఒక కొట్టు తెరిచారు. అందులో ఏమున్నాయో తెలుసా? వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్ల పిండి, కొన్ని కొవ్వొత్తులు. అంతే!

వాళ్ల కట్టుబాట్లు గట్టివి. కల్తీ లేని సరుకు, సరైన తూకం. ఎంత డబ్బు పెట్టినా మనిషికి ఒకటే ఓటు. ఆడవాళ్లూ సభ్యులు కావచ్చు. అప్పటికి ఆ దేశంలో ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటే లేదు. సరుకు బజారు ధరకే అమ్మేవారు. మిగిలిన లాభాన్ని ఎవరు ఎంత కొన్నారో లెక్క చూసి వాళ్లకే తిరిగి ఇచ్చేవారు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. ఉద్దెర లేదు. నగదు ఉంటేనే సరుకు.

ఈ మాట చదివి నేను ఆగిపోయాను. మన దగ్గర ఉద్దెర లేకుండా ఎవరి ఇల్లు నడుస్తుంది? కూలి వారానికి ఒకసారి వస్తుంది, కొన్నిసార్లు అదీ రాదు. ఉద్దెర ఇవ్వని కొట్టు పేదవాళ్లకు పనికిరాదు. ఉద్దెర ఇచ్చే కొట్టు మూతబడుతుంది. నా కొట్టు అలాగే మూతబడింది. దీనికి దారి రెండో కథలో కనబడింది.

రెండోది జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ల కథ. అప్పుడు అది మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. అక్కడ 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. దానితో కలిసి ఊరూరా ఆడవాళ్లు సంగాలు పెట్టుకున్నారు. ఎక్కువ మంది దళితులు. పెద్ద చదువులు లేని వాళ్లు. వాళ్లది వాన మీద ఆధారపడ్డ నేల. చాలా భూమి బీడు పడి ఉండేది.

1990ల నడుమ వాళ్లొక పని మొదలుపెట్టారు. బీడు దున్నుకోవడానికి చిన్న రైతులకు అప్పు ఇచ్చారు. ఆ అప్పును రూపాయల్లో కట్టమనలేదు. జొన్నల రూపంలో కొన్నేళ్లు కట్టమన్నారు. వచ్చిన జొన్నలను ఏ మార్కెట్‌కూ పంపలేదు. ఊళ్లోనే నిల్వ చేశారు. వానకాలంలో గింజలు కరువైనప్పుడు ఊళ్లోని పేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేదలు? దాన్ని ఆఫీసు వాళ్లు తేల్చలేదు. ఊరంతా కూర్చొని, నేల మీద ముగ్గులతో ఊరి పటం వేసి, ఏ ఇల్లు ఎలా ఉందో తామే తేల్చారు. మరీ పేద ఇంటికి ఎక్కువ గింజలు, కొంచెం మెరుగైన ఇంటికి తక్కువ గింజలు ఇచ్చారు. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. నాకు నచ్చింది మాత్రం ఆ బహుమతి కాదు, ముగ్గుతో వేసిన ఆ పటం.

ఇందులో ఉద్దెర ఉంది. కానీ అది మొహమాటానికి ఇచ్చిన ఉద్దెర కాదు. ఎవరికి, ఎంత, ఎప్పుడు కట్టాలి అని అందరి ముందు తేల్చి ఇచ్చిన అప్పు. 2000 తర్వాత వెలుగు పథకం రోజుల్లో కూడా చాలా ఊళ్ల సంఘాలు బియ్యం టోకున కొన్నాయి. సభ్యులు వాయిదాల్లో కట్టుకున్నారు. మీలో కొందరు ఆ బియ్యం తిన్నవాళ్లే.

మరి మన ఊరికి లెక్క వేద్దాం. రాసుకోండి.

సంఘంలో 30 మంది ఉన్నాం. ఇంటికి నెలకు 2 కిలోల పప్పు అనుకుందాం. 7 నెలలకు 14 కిలోలు. 30 ఇళ్లకు 420 కిలోలు. ఆ పప్పుకు 6 క్వింటాళ్ల కందులు కావాలి. వాన మీద పండే మన చేలల్లో రెండు మూడు ఎకరాల పంట అది. మన సభ్యుల చేలల్లోనే దొరుకుతుంది.

కందులకు ఎంత ఇద్దాం? 2025-26లో కేంద్ర ప్రభుత్వం కందులకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. దాని మీద 500 కలిపి 8,500 ఇద్దాం. పెద్దమ్మ నిరుడు అమ్మింది 7,000కు. ఆమెకు 1,500 ఎక్కువ దక్కుతుంది. 6 క్వింటాళ్లకు 51,000. గిర్నికి కిలో కందులకు 6 రూపాయల చొప్పున 3,600 అనుకుందాం. ఆటోకు 1,200. సంచులకు, ఇతర ఖర్చులకు 600. మొత్తం 56,400. పొట్టూ నూకా బర్రెలున్న వాళ్లకు అమ్మితే ఓ 1,800 వస్తాయి. తీసేయండి. 54,600 మిగిలింది. 420తో భాగించండి. ఎంత వచ్చింది?

130. అవును, కిలో 130 రూపాయలు.

పట్నం ప్యాకెట్‌కు 240. మనకు 130. రైతుకు తగ్గలేదు, పెరిగింది. ఈ అంకెలు రేపు కొంచెం మారతాయి. గిర్ని వాడు ఇంకో రూపాయి అడగొచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఇంటికి 14 కిలోలంటే 1,820 రూపాయలు. ఒక్కసారి ఎవరి దగ్గరా ఉండవు. కానీ దసరా నుంచి సంక్రాంతి దాకా సుమారు 14 వారాలున్నాయి. వారానికి 130 చొప్పున, అంటే వారానికి ఒక కిలో పప్పు పైసలు పక్కన పెడితే సరిపోతుంది. పెట్టలేని ఇల్లుంటే 7 కిలోలే చెప్పొచ్చు. అదీ కానివాళ్లకు పొదుపు నుంచి అప్పు ఇద్దాం. అందరి ముందు, పుస్తకంలో రాసి, వాయిదా తేదీతో ఇద్దాం.

నిన్న ఒక వదిన అంది, "గిర్నికి 3,600 ఎందుకు? ఇసుర్రాయి మీద మనమే విసురుకుందాం, ఇంకా చవక అయితది." నాకు ఈ మాట నచ్చలేదు. ఆమె ముందే చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు. కందులకు ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, విసరడం మీకు వచ్చు. అలా చేసిన పప్పు రుచి నాకూ ఇష్టమే. కానీ 6 క్వింటాళ్లు విసరాలంటే ఎన్ని భుజాలు పడిపోవాలి? మన రెక్కల కష్టానికి సున్నా వేసి సరుకు చవక అని చెప్పుకుంటే, దారిలో ఉన్న 140 మన నడుం మీద పడ్డట్టే. గిర్నికి పంపుదాం. తూకం వేయడానికి, సంచులు కట్టడానికి, పంచడానికి ఇద్దరిద్దరు వంతులు వేసుకుందాం. ఎవరు ఎన్ని గంటలు చేశారో రాద్దాం. నెలలు నిండిన వాళ్లకు, ముసలివాళ్లకు వంతు వద్దు. వాళ్లు కాంటా దగ్గర కూర్చొని అంకె చదవొచ్చు. పెద్దమ్మ కంటే బాగా చదివేవాళ్లు ఎవరున్నారు చెప్పండి!

పప్పు పట్టించడం ఆలస్యం చేయొద్దు. గుండు కందులకు పుచ్చు పురుగు తొందరగా పడుతుంది. పప్పుకు తక్కువ. బాగా ఎండబెట్టి, ఎండిన వేపాకు వేసి, తేమ లేని చోట పెట్టాలి. కొర్రల సంగతి వేరు. పొట్టుతో ఉంచితే ఏళ్ల తరబడి ఉంటాయి. బియ్యం చేస్తే తొందరగా పాడవుతాయి. నాకు పోయినేడు తెలియనిది ఇదే. మొదటి ఏడు పప్పు ఒక్కటే చేద్దాం. రాచ్‌డేల్ వాళ్లు అయిదు సరుకులతో మొదలుపెట్టారు, మనకు ఒకటి చాలు. మిరపకాయలు కూడా తెద్దామని కొందరు అంటున్నారు. మన మండలంలో మందు కొట్టని మిరప తోట నాకు కనబడలేదు. దొరకని దాని పేరు చెప్పి మోసపోవద్దు. పెరట్లో నాలుగు మొక్కలు పెట్టుకోవడం మేలు.

ఇక తొందర ఎందుకంటే, కంది ఇంకా పూతకు రాలేదు. పండుగ దాటితే పూత వస్తుంది. పూతతో పాటు కాయతొలుచు పురుగు వస్తుంది. అప్పుడే రైతు పంపు భుజానికి ఎత్తుకుంటాడు. పంట పోతుందని భయం. మన పెద్దవాళ్లు ఏం చేసేవారు? చెట్టు కింద బట్ట పరిచి, చెట్టును దులిపి, రాలిన పురుగులను ఏరేవారు. వేపగింజల కషాయం కొట్టొచ్చు. పిట్టలు వాలడానికి చేనులో కొమ్మలు పాతొచ్చు. పిట్టలు పురుగులను తింటాయి. ఇవన్నీ పని పెంచుతాయి. కొంత కాయ పోవచ్చు కూడా. ఆ నష్టం రైతు ఒక్కడే ఎందుకు మోయాలి? "నువ్వు మందు కొట్టకు, మేం 8,500కు కొంటాం" అని పూతకు ముందే మాట ఇస్తే అతను ఆగుతాడు. సంక్రాంతి నాడు పోయి మందు లేని కందులు ఉన్నాయా అని అడిగితే ఏం లాభం?

కొందరు అడుగుతారు, మార్కెట్‌లో ధర 9,000 అయితే రైతు మనకు ఇస్తాడా అని. న్యాయమైన ప్రశ్న. ఆ రోజు మార్కెట్ ధర, మద్దతు ధర, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద 500 ఇస్తామని రాద్దాం. ధర పెరిగితే మనకు కిలో 130 కన్నా పిరమవుతుంది. కానీ అప్పుడు దుకాణంలోనూ పెరుగుతుంది. ధర ఎంత పెరిగినా రైతు దగ్గర బేరం ఆడొద్దు. ఆ రైతుల్లో సగం మంది ఇక్కడే కూర్చున్నారు.

మందు కొట్టలేదని ఎలా నమ్మాలి? మూడు చేలు ఎంచుకుందాం. వారానికి ఇద్దరు పోయి చూసి, ఏం చూశారో పుస్తకంలో రెండు ముక్కలు రాయాలి. దేశంలో పీజీఎస్ అనే పద్ధతి ఇలాంటిదే. ఒక గుంపు రైతులు ఒకరి చేను ఒకరు చూసి సాక్ష్యం చెబుతారు. రేపు బయటి వాళ్లకు అమ్మాలనుకుంటే దాంట్లో చేరొచ్చు. అప్పుడు ఆహార భద్రత శాఖలో నమోదు కూడా చేయించాలి. మన ఇళ్లకు పంచుకునేంత వరకు మన కళ్లు, మన రాత చాలు.

పోయినేటి నా అప్పు పుస్తకం లేదు కదా. ఈసారి కొత్త నోటు పుస్తకం కొన్నాను. ఇదిగో. మొదటి పేజీలో గీతలు కొట్టాను. పేరు, కిలోలు, వారం పైసలు, సంతకం. నా పేరు ముందే రాశాను. మా ఇంట్లో ముగ్గురమే. 7 కిలోలు.

బేస్తారం నాడు మళ్లీ కూడుదాం. ఇంట్లో అడిగి రండి. మీ పేరు మీరే రాయాలి, నేను రాయను. కంది చేలు ఉన్నవాళ్లు ఎన్ని గుంటలు మందు లేకుండా ఉంచగలరో చెప్పాలి. పెద్దమ్మా, నీ చేనే మొదట చూద్దామా?